అక్క పెట్టిన సంతకం

అమ్మా,

నీ కథ, దాంతోపాటు నాలుగు పేజీల ఉత్తరం అందాయి. కథేమో ఆరు పేజీలు. ఎందుకు రచయిత్రివి కావాలనుకుంటున్నావో చెప్పడానికే నాలుగు పేజీలు తీసుకోవడం నాకు నచ్చలేదు. చిన్నప్పటి నుంచి పుస్తకాల పిచ్చి, లోపల ఏదో అలజడి, సమాజానికి ఏదైనా చెయ్యాలన్న తపన. అబద్ధాలని అనను. కానీ ఇవి ఎవరైనా రాయగలరు. కథ ఐదో పేజీలో, సంతకం పెట్టే ముందు అక్క పెన్నుని రెండుసార్లు గాల్లో తిప్పిందని రాశావు. అది నువ్వు మాత్రమే రాయగలవు. నేను అక్కడ ఆగిపోయాను. నువ్వు ఆగలేదు, వెంటనే వెన్నెల వర్ణనలోకి వెళ్లిపోయావు.

ఎందుకు రాస్తామో మన గుండెలో వెతికితే దొరకదమ్మా. మనల్ని పట్టుకుని వదలని మనిషి దగ్గరో, సంగతి దగ్గరో దొరుకుతుంది. గురజాడ 1897లో 'కన్యాశుల్కం' అచ్చువేసినప్పుడు ఇంగ్లీషులో రాసిన ముందుమాట సంపాదించి చదువు. సంఘసంస్కరణకు తోడ్పడాలని, తెలుగు నాటకానికి పనికిరాదన్న అపోహ పోగొట్టాలని రాశానన్నారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల లెక్క తీస్తే 1034 తేలాయట. అందులో ముగ్గురు పెళ్లికూతుళ్ల వయసు ఒక్క ఏడాది. ఆ లెక్క చూసిన మనిషిని ఎందుకు రాశావని ఇంకెవరైనా అడుగుతారా?

ఇరవై రెండేళ్లప్పుడు నేనూ అచ్చులో పేరు చూసుకోవాలనే మొదలుపెట్టాను. మొదటి కథ పడింది. ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకుని నెల రోజులు తిరిగాను. తర్వాత రెండేళ్లు ఒక్క కథ రాలేదు. పేరు చూసుకోవడం అయిపోయింది, చెప్పాల్సింది ఏమీ లేదు. అప్పుడు మా ఆఫీసులో ఒకాయన రిటైరయ్యాడు. దండ వేసి పంపించాం. మర్నాడు పొద్దున మామూలుగానే వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. మూడు రోజులు అలాగే వచ్చాడు. వెళ్లమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నాలుగో రోజు ఆయన వచ్చేలోపు ఆ కుర్చీ తీయించేశారు. మోసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ రాత్రే కథ రాశాను. ఎడిటర్ గారు ముగింపు కొట్టేసి, ఆయన ఇంట్లో మనవడితో హాయిగా ఆడుకుంటున్నట్టు మార్చి వేశారు. పాఠకులకి ఊరట కావాలన్నారు. నలభై ఏళ్లయినా ఆ కోపం తగ్గలేదు. ఇప్పుడు పోటీల కాలం. అంశం వాళ్లే ఇస్తారు, గడువు వాళ్లే పెడతారు, రాయడానికి కారణం కూడా వాళ్ల దగ్గరే తెచ్చుకుంటున్నారు పిల్లలు. నువ్వు వాటి జోలికి పోకు.

కలం పేరు గురించి, ఏ పత్రికకి పంపాలన్నదాని గురించి అడిగావు. వాటి సంగతి తర్వాత.

అక్క ఏ కాగితం మీద సంతకం పెట్టిందో నీ కథలో ఎక్కడా లేదు. అది చెప్పలేకే వెన్నెల తెచ్చావని నా అనుమానం. ఆ కాగితం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టు. అయ్యాక నాకు పంపు. ఈసారి ఉత్తరం అక్కర్లేదు.