సముద్రం కోసిన రాతిగోడ ముందు

చిరంజీవి అమ్మలుకు ఆశీస్సులు.

తీరం వెంట రాళ్లు చూడటానికి వెళ్తున్నానని రాశావు. చాలా సంతోషం. అలలు కోసిన గోడ మీద మట్టీ గడ్డీ అడ్డం రావు, రాతి పొరలు కింది నుంచి పైదాకా బయటపడి ఉంటాయి.

వెళ్లగానే సుత్తి తీయకు. దూరంగా నిలబడి, రంగు తేడాగా ఉన్న పొర ఒక్కటి ఎంచుకుని, దాని వెంటే చూపు నడిపించు. వంగి పైకెళ్లి మళ్లీ దిగితే అది ముడుత. ఉన్నట్టుండి తెగిపోయి, అవతల పైనో కిందో మళ్లీ మొదలైతే ఫాల్ట్, మన పుస్తకాల్లో భ్రంశం. నేర్చుకునే రోజుల్లో నేను ప్రతి బీటునీ భ్రంశమని రాసుకుని, తర్వాత సగం నోట్సు కొట్టేశాను. పొర జరగకపోతే అది ఉత్త పగులే.

వంగిన రాయీ విరిగిన రాయీ పక్కపక్కనే కనిపిస్తే తికమక పడకు. భూమి పైపెంకు పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటుంది, వాటినే పలకలంటారు. అవి ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే కదులుతాయి. ఆ ఒత్తిడి లోతున, వేడిలో, లక్షల ఏళ్లు పడితే రాయి మెల్లగా వంగుతుంది. పైన చల్లగా, పెళుసుగా ఉన్నచోట విరుగుతుంది. పైగా అన్ని రాళ్లూ ఒక్కలా వంగవు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లుల్‌వర్త్ దగ్గర సున్నపురాయి, షేల్ (బురద గట్టిపడిన రాయి) పొరలు నలిపిన దుప్పటిలా ఉంటాయి. ఆఫ్రికా పలక యూరప్‌ను నెట్టిన తాకిడి అంత దూరం పాకింది!

భ్రంశం ఏటవాలుగా ఉంటే, దాని మీద ఆనుకున్న భాగాన్ని చూడు. కిందికి జారిందా, అక్కడ నేల సాగింది. పైకెక్కిందా, నేల రెండువైపుల నుంచీ నొక్కుకుపోయింది. భ్రంశపు తలం బయటపడి ఉంటే అరచేత్తో తడుము. నున్నగా మెరుస్తూ, సన్నటి గీతలు ఉంటాయి. రాళ్లు ఒరుసుకున్న దారి అదే. ఒకవైపు నిమిరితే చెయ్యి జారుతుంది, ఎదురు నిమిరితే చిన్న చిన్న మెట్లు తగులుతాయి. అదీ రాసుకో, కానీ ఏ వైపు జరిగిందన్నది తేల్చడానికి నువ్వు ఎంచుకున్న పొరనే నమ్ము.

నీటి అంచు కూడా గమనించు, భూకంపంలో తీరమే పైకి లేవచ్చు. 1835 చిలీ భూకంపంలో శాంటా మారియా దీవి దాదాపు 3 మీటర్లు లేచింది. పోటు నీళ్లు అందని ఎత్తులో, రాళ్లకు అంటుకునే ఆల్చిప్పలు కుళ్లిపోయాయి. 2016లో న్యూజిలాండ్‌లోని కైకౌరా తీరమూ అలాగే లేచింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. భ్రంశం దగ్గర రాయి నలిగి ఉంటుంది, అల అక్కడే తొందరగా తొలిచి గుహలు చేస్తుంది. నీకు బాగా ఆసక్తి కలిగించే చోటే పెళ్లలు ఊడిపడతాయి. గోడ కింద కూర్చోకు. ఆటు మొదలయ్యాక దిగు, పోటు తిరగకముందే బయటికి వచ్చెయ్.

ఫొటో ఎన్నైనా తీసుకో, కానీ ఒక బొమ్మ చేత్తో గీసి పంపు. పొర ఏ వైపు దిగిందో బాణం గుర్తు నువ్వే పెట్టాలి.

మీ మామయ్య