తుపాను పాఠం, ఇంగ్లిషు టీచరు ఉద్యోగం: ఏది ముందు, ఏది తర్వాత?

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా తీర ప్రాంతం. ఎం.ఏ. ఇంగ్లిషు పూర్తిచేసి, ప్రస్తుతం బి.ఇడి. రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో ఎనిమిదో తరగతికి ప్రకృతి విపత్తుల మీద ఇంగ్లిషు పాఠం చెప్పమన్నారు. తరగతిలో సగం మందికి ఇంగ్లిషులో సొంతంగా ఒక వాక్యం రాయడం కూడా రాదు. పాఠం ఎలా చెప్పాలి? ఈ అంశం మీద నాకున్న ఆసక్తి చూసి స్నేహితులు విపత్తు నిర్వహణలో డిప్లొమా చేయమంటున్నారు. అమెరికాలో ఉన్న మా పిన్ని, ఇంగ్లిషు రాని పిల్లలకు ఇంగ్లిషు నేర్పే టీచర్లకు అక్కడ గిరాకీ ఉందంటోంది. నాన్నగారు మాత్రం డీఎస్సీ తప్ప మరో మాట వినడం లేదు. నేను ఏ దారి పట్టాలి?

జవాబు: మీ ముందున్న మూడు దారుల్లో ఒకటి ఎంచుకుంటే మిగిలిన రెండూ మూసుకుపోతాయని మీరు భావిస్తున్నట్లున్నారు. నిజానికి ఇక్కడ తేల్చుకోవలసింది వాటి వరుస మాత్రమే. నాన్నగారు చెప్పింది ముందు, పిన్నిగారు చెప్పింది తర్వాత, స్నేహితులు చెప్పింది అన్నిటికంటే చివర, అదీ అప్పటికి అవసరమనిపిస్తేనే. కారణాలు తర్వాత చెబుతాను. ముందు పాఠం సంగతి చూద్దాం. ఎందుకంటే ఇంగ్లిషు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలకు ఒక గంభీరమైన విషయాన్ని ఇంగ్లిషులో అర్థమయ్యేలా చెప్పగలగడమే మీరు ఎంచుకున్న వృత్తిలో అసలు పని, అది మీకు నచ్చుతుందో లేదో ఈ ఒక్క పాఠంతోనే చాలావరకు తెలిసిపోతుంది.

విపత్తుల పాఠం అనగానే చాలామంది ఛాత్రోపాధ్యాయులు నల్లబల్ల మీద ఎర్త్‌క్వేక్, వోల్కనో, అవలాంచ్, సునామీ అని ఒక పట్టిక రాసి, ఎదురుగా తెలుగు అర్థాలు రాయించి, చార్టు మీద నాలుగు బొమ్మలు అంటించి గంట కొట్టేవరకు నెట్టుకొస్తారు. మంచుచరియ అనే మాట బందరు పరిసరాల్లో ఉండే పిల్లవాడికి పరీక్షలో ఒక మార్కు తెచ్చిపెట్టవచ్చు గానీ, ఆ మాటతో వాడు ఒక్క వాక్యమైనా కట్టలేడు. ఉన్న ఒక్క పీరియడులో అన్ని విపత్తులనూ చుట్టేయాలని చూడకండి. తుపానును మాత్రమే తీసుకోండి. దాని గురించి మీ పిల్లలకు మీకంటే ఎక్కువ తెలిసి ఉండే అవకాశం ఉంది, భాష రాని తరగతిలో అది టీచరుకు దొరికే పెద్ద పెట్టుబడి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయారు. ఆ రాత్రి గురించి తాతమ్మల నోట విన్న పిల్లలు మీ తరగతిలో తప్పకుండా ఉంటారు. మొదటి పది నిమిషాలు వాళ్లను తెలుగులోనే చెప్పనివ్వండి. ఇంగ్లిషు పీరియడులో తెలుగు వినబడితే పరిశీలకులు మార్కులు తగ్గిస్తారని భయపడవద్దు. విషయం మాతృభాషలో తెలిసిన పిల్లలకు ఇంగ్లిషు మాట అందించడం సులువని పాఠ్య ప్రణాళికలోనే ఒక వాక్యం రాసి పెట్టుకోండి.

ఆ తర్వాత ఇంగ్లిషు. మీకు చేతికందేంత దూరంలో ఉన్న బోధన సామగ్రి ఒకటి చెబుతాను. వాయుగుండం బలపడినప్పుడు 'మచిలీపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' అని వార్తల్లో వింటూనే ఉంటాం. ఈ హెచ్చరికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. మొదటి రెండూ దూరంగా సముద్రంలో ఉన్న వాతావరణం గురించి, 3, 4 రేవుకే ముప్పు ఉండవచ్చని, 5 నుంచి 7 వరకు ప్రమాదమని, 8 నుంచి 10 వరకు పెను ప్రమాదమని, 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. ఇందులో ఇంగ్లిషు టీచరుకు పనికొచ్చే కిటుకు 5, 6, 7 నంబర్లలో ఉంది. తుపాను తీరం దాటేటప్పుడు రేవు దానికి ఎడమ పక్కన ఉంటుందా, కుడి పక్కన ఉంటుందా, లేక రేవు మీదుగానో దానికి అతి సమీపంగానో దాటుతుందా అన్నదాన్ని బట్టి ఆ మూడు నంబర్లూ మారతాయి. అంటే లెఫ్ట్, రైట్, ఓవర్, నియర్ అనే నాలుగు మాటలను బల్ల మీద గీసిన తీరరేఖతో, చేతిలో కదిలే ఒక కాగితపు చక్రంతో నేర్పవచ్చు. వ్యాకరణ పుస్తకంలోని బల్ల మీద పుస్తకం, బల్ల కింద పిల్లి ఉదాహరణలకు ఎన్నడూ నోరు విప్పని పిల్లలు కూడా, తుపాను ఎటు పక్కగా వెళుతుందో చెప్పమంటే చెబుతారు. చేపల వేటకు వెళ్లే కుటుంబాల పిల్లలయితే ఆ నంబర్లను మీకే వివరిస్తారు.

తర్వాతి మెట్టు క్రియలు. మూవ్, క్యారీ, స్విచ్ ఆఫ్, బాయిల్, లిజన్, స్టే అనే ఆరు చాలు. వీటితో తుపానుకు ముందు, తుపాను జరుగుతుండగా, తర్వాత చేయవలసిన పనుల వాక్యాలను చీటీల మీద రాసి ఇచ్చి, పిల్లల చేత మూడు కుప్పలుగా సర్దించండి. రాయడం రాని పిల్లవాడు కూడా చదివి సర్దగలడు. సర్దిన చీటీని పైకి చదవగలడు. చదివిన వాక్యంలో ఒక మాట మార్చి కొత్త వాక్యం చెప్పగలడు. ఈ మూడు పనులు జరిగితే ఆ పీరియడుకు మీరు అనుకున్నది నెరవేరినట్లే.

బాగా వచ్చిన పిల్లల కోసం ఒక కష్టమైన వాక్యాన్ని అట్టేపెట్టుకోండి: 'డు నాట్ గో అవుట్ అన్‌టిల్ ది అఫీషియల్స్ టెల్ యూ.' దీన్ని వివరించడానికి తుపాను కన్ను గురించి చెప్పక తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు దాని కన్ను విశాఖపట్నం మీదుగానే సాగింది. కన్ను మీదికి వచ్చినంతసేపు గాలి సద్దుమణుగుతుంది, అది దాటగానే అంతే తీవ్రతతో ఎదురు దిశ నుంచి విరుచుకుపడుతుంది. గాలి ఆగింది కదా అని బయటకు వచ్చినవారికి ఆ రెండో విడతలోనే ప్రమాదం. ఇది తెలిసిన పిల్లవాడికి అన్‌టిల్ అనే మాట ఆ వాక్యంలో ఎందుకుందో మళ్లీ చెప్పనక్కర్లేదు. విపత్తుల పాఠం చెప్పే ఇంగ్లిషు టీచరు విషయాన్ని కూడా తప్పుల్లేకుండా తెలుసుకుని ఉండాలన్నది ఇందుకే. పిడుగులు పడేటప్పుడు చెట్టు కిందికి చేరమనో, భూమి కంపిస్తుండగానే బయటికి పరిగెత్తమనో అందమైన ఇంగ్లిషులో నేర్పడం కంటే ఏమీ నేర్పకపోవడం నయం.

ఒక జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తింది. ఇల్లు మునిగినప్పుడు అక్కడే ఉన్న పిల్లలు చదువుల కోసం బంధువుల ఊళ్లకు చేరి, ఇప్పుడు మీ తరగతిలోనే కూర్చుని ఉండవచ్చు. 'మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పు' అని పేరు పెట్టి ఎవరినీ లేపవద్దు. చెప్పాలనుకున్నవారు చెబుతారు. మృతదేహాల ఫొటోలు, ఏడుస్తున్న ముఖాల వీడియోలు పాఠంలోకి తేవద్దు. ఇంటర్న్‌షిప్ తరగతిని ఆకట్టుకోవాలన్న తాపత్రయంలో ఈ పొరపాటు చాలామంది చేస్తుంటారు.

మీరు అడగకపోయినా ఒక సందేహానికి జవాబు చెప్పాలి. కృష్ణా జిల్లాలో పిల్లవాడికి హెచ్చరిక తెలుగులోనే అందుతుంది. వాడి ప్రాణం కాపాడటానికి ఇంగ్లిషు అవసరం లేదు. మీ పాఠం లక్ష్యం ఇంగ్లిషు నేర్పడమే, తుపాను అందుకు ఆసరా. అయితే ఆ పిల్లవాడే రేపు భాష తెలియని చోటికి వెళితే పరిస్థితి తిరగబడుతుంది. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను అవశేషం న్యూయార్క్ మీద కుండపోతగా కురిసినప్పుడు క్వీన్స్ ప్రాంతపు బేస్‌మెంట్ ఇళ్లలో నీరు చేరి చనిపోయినవారిలో నేపాల్, చైనాల నుంచి వలస వెళ్లిన కుటుంబాలవారు ఉన్నారు. ఆ రోజుల్లో సెల్‌ఫోన్లకు వచ్చే వాతావరణ హెచ్చరికలు ఇంగ్లిషు, స్పానిష్ భాషలు దాటి వచ్చేవి కావు. జపాన్‌లో 1995 జనవరి 17న కోబే భూకంపం వచ్చినప్పుడు జపనీసు గానీ ఇంగ్లిషు గానీ సరిగా రాని విదేశీయులు సమాచారం అందక నానా అవస్థలూ పడ్డారు. ఆ అనుభవంతో హిరోసాకి విశ్వవిద్యాలయంలోని భాషా పరిశోధకులు 'సులభ జపనీసు' అనే పద్ధతిని రూపొందించారు: వాక్యం చిన్నదిగా ఉండాలి, ఒక వాక్యంలో ఒకే సంగతి చెప్పాలి, కఠినమైన మాట వచ్చినచోట చిన్నపిల్లలు వాడే మాట వేయాలి. మీరు ఎనిమిదో తరగతి కోసం చీటీలు రాస్తూ చేయబోయే పని సరిగ్గా ఇదే. దాన్ని చేతనైన విద్యగా చూపించుకోగలిగితే బడిలోనే కాక బయట కూడా ఉపయోగం ఉంటుంది.

ఇక ఉద్యోగాల మాట. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిషు పోస్టుకు డిగ్రీలో ఇంగ్లిషు ఐచ్ఛికాంశంగా గానీ, పీజీలో ఇంగ్లిషు గానీ ఉండాలి, దాంతోపాటు బి.ఇడి.లో ఇంగ్లిషు మెథడ్ ఉండాలి. టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) రెండో పేపరు అర్హత తప్పనిసరి. డీఎస్సీ ఎంపికలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది, టెట్ ధ్రువపత్రం ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది గనుక ఆ పరీక్షను వీలైనంత త్వరగా, వీలైనన్ని ఎక్కువ మార్కులతో దాటాలి. ఆంధ్రప్రదేశ్ 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటించింది. అంత పెద్ద ప్రకటన ఏటా వస్తుందని ఆశించలేం కాబట్టి, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చోవడం సరికాదు. చదువు పూర్తికాగానే ఏదైనా బడిలో పూర్తికాలపు టీచరుగా చేరి చదువుకోండి. కేంద్రీయ విద్యాలయాల వైపు కూడా చూడాలనుకుంటే కేంద్ర స్థాయి టెట్ అయిన సీటెట్ రాయాలి.

ఆ పూర్తికాలపు అనుభవమే పిన్నిగారు చెప్పిన దారికి కూడా తాళంచెవి. అమెరికా చట్టప్రకారం ఇంగ్లిషు రాని పిల్లలకు తగిన సాయం అందించడం అక్కడి ప్రభుత్వ బడుల బాధ్యత. 1974లో లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో వారి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు పునాది. ఆ పిల్లల సంఖ్య 50 లక్షలు దాటింది గనుక గిరాకీ ఉన్నమాట నిజమే. కానీ గిరాకీ వేరు, పనిచేసే హక్కు వేరు. ఉపాధ్యాయుల జె-1 వీసాకు సాధారణంగా కనీసం రెండేళ్ల పూర్తికాలపు బోధన అనుభవం అడుగుతారు. అది మూడేళ్ల వీసా, మరో ఏడాది గానీ రెండేళ్లు గానీ పొడిగించవచ్చు. దీనికి తోడు ఏ రాష్ట్రంలో బోధిస్తారో ఆ రాష్ట్రపు లైసెన్సు నిబంధనలు ఉంటాయి, మీ డిగ్రీలను అక్కడి ప్రమాణాలతో సరిపోల్చిన నివేదిక కావాలి. డబ్బు కడితే అనుభవం లేకపోయినా పంపిస్తామనే ఏజెన్సీల జోలికి పోవద్దు. ఇంగ్లిషు బోధనలో ఇచ్చే సెల్టా సర్టిఫికెట్ గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అది 120 గంటల మంచి శిక్షణే, కాకపోతే వయోజనులకు ఇంగ్లిషు నేర్పేవారిని దృష్టిలో పెట్టుకున్నది. అమెరికా ప్రభుత్వ బడికి అది లైసెన్సు కాదు. గల్ఫ్, ఆగ్నేయాసియా దేశాల్లోని భాషా శిక్షణ సంస్థల్లో పనిచేయాలనుకుంటే అప్పుడు ఆలోచించవచ్చు.

డబ్బూ సమయమూ వెచ్చించి ఒక అదనపు చదువు చదవాలనుకుంటే నా ఓటు హైదరాబాద్‌లోని ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికే. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైన నాటి నుంచి ఇంగ్లిషు టీచర్లకు శిక్షణ ఇవ్వడం ఆ సంస్థ ప్రధాన వ్యాపకం. అక్కడి ఇంగ్లిషు బోధన పీజీ డిప్లొమా మీ ఎం.ఏ.కు సహజమైన కొనసాగింపు అవుతుంది.

విపత్తు నిర్వహణ డిప్లొమాను తీసిపారేయడం లేదు. ఇగ్నోలో దూరవిద్య ద్వారా ఒక పీజీ డిప్లొమా ఉంది, ఉద్యోగం చేస్తూనే చదవవచ్చు. అయితే ఆ రంగంలో స్థిరమైన ఉద్యోగాలు ఎక్కువగా ఇంజినీరింగ్, భూగోళశాస్త్రం, ప్రజారోగ్యం, సామాజిక సేవ చదివినవారికి వెళుతుంటాయి. ఇంగ్లిషు పట్టభద్రులకు దొరికేవి అవగాహన సామగ్రి రాయడం, శిక్షణ ఇవ్వడం వంటివి, అవి కూడా చాలావరకు కాంట్రాక్టు పద్ధతిలో. మీ ఆసక్తి తీరడానికి ముందుగా, గన్నవరం దగ్గర కొండపావులూరులో దక్షిణ భారత ప్రాంగణం ఉన్న జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారి స్వల్పకాలిక శిక్షణల్లో ఒకదానికి ప్రయత్నించండి. అది నచ్చి ఇంకా లోతుగా చదవాలనిపిస్తే డిప్లొమా ఎక్కడికీ పోదు.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఈ వరుసనే ఆయన ముందు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేతన సవరణ ప్రకారం స్కూల్ అసిస్టెంట్ మూలవేతనం 44,570 రూపాయలతో మొదలవుతుంది, ఆయన పట్టుదల వెనుక ఉన్న లెక్క తప్పు కాదు. మీరు ఇప్పుడు చేయవలసిన పనులు రెండు. బి.ఇడి.లో మీ మెథడ్ సబ్జెక్టుల్లో ఇంగ్లిషు ఉందో లేదో కాలేజీ కార్యాలయంలో రూఢి చేసుకోండి; ఎం.ఏ. ఇంగ్లిషు ఉంది కదా అని ఊరుకుని, తీరా దరఖాస్తు నాడు ఈ మెలిక దగ్గర ఆగిపోయేవారు ఉంటారు. రెండోది, తుపాను పాఠం పూర్తయ్యాక చీటీలను, పాఠ్య ప్రణాళికను, పిల్లలు రాసిన వాక్యాల్లో బాగున్నవాటితోపాటు తప్పులున్నవాటిని కూడా పేర్లు తీసేసి ఒక ఫైలులో భద్రపరచండి. ప్రైవేటు బడి ఇంటర్వ్యూకైనా, విదేశీ దరఖాస్తుకైనా 'మీరు ఎలా బోధిస్తారు' అని అడిగినప్పుడు ఆ ఫైలునే బల్ల మీద పెట్టవచ్చు.