మతం మారిన కూతురికి నాన్న ఆస్తిలో వాటా ఉంటుందా?

ప్రశ్న: మాది గుంటూరు. హిందూ కుటుంబంలో పుట్టాను. 2010లో క్రైస్తవ అబ్బాయిని పెళ్లి చేసుకుని, మరుసటి ఏడాది బాప్తిస్మం తీసుకున్నాను. పిల్లలిద్దరూ ఆ తర్వాతే పుట్టారు. నాన్నగారు పోయినేడాది వీలునామా రాయకుండానే కాలం చేశారు. బ్రాడీపేటలో తాతగారు సొంత డబ్బుతో కట్టించిన ఇల్లు, పెదకాకాని దగ్గర నాన్నగారు కొన్న రెండెకరాల పొలం ఉన్నాయి. అమ్మ, ఇద్దరు అన్నయ్యలు ఉన్నారు. ‘మతం మారాక నీకు మా చట్టం వర్తించదు, వాటా లేదు’ అంటున్నాడు పెద్దన్నయ్య. పక్కింటి ముస్లిం కుటుంబంలో కూతురికి కొడుకు వాటాలో సగమే ఇచ్చారని, నాకూ అంతే ఇస్తామని చిన్నన్నయ్య అంటున్నాడు. విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టమని ఒకటే ఒత్తిడి. నేనేం చేయాలి?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ దస్తావేజు మీద సంతకం పెట్టకండి. హక్కు వదులుకుంటున్నానని ఒకసారి రిజిస్ట్రేషన్ చేసి ఇస్తే, తర్వాత దాన్ని రద్దు చేయించడం చాలా కష్టం. తెలియక పెట్టానన్నా కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదు.

మీ పెద్దన్నయ్య అసలు విషయాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నారు. వారసత్వంలో చూసేది చనిపోయిన వ్యక్తిది ఏ మతమని. వాటా అడిగేవాళ్ల మతాన్ని బట్టి చట్టం మారదు. మీ నాన్నగారు హిందువుగా కన్నుమూశారు కాబట్టి ఆయన ఆస్తికి 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుంది. దాని ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు అందరూ మొదటి తరగతి వారసులు, అందరికీ సమాన వాటాలు. నానమ్మగారు కూడా బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా వచ్చేది. లేరనుకుంటే మీరు నలుగురు, మీది నాలుగో వంతు.

మతం మారితే హక్కు పోతుందన్న పాత నియమాన్ని 1850లోనే, కంపెనీ పాలనలో, ఒక చట్టంతో తీసేశారు. 1956 చట్టం కూడా మతం మారిన కూతురిని ఎక్కడా పక్కన పెట్టలేదు. ఇస్లాం స్వీకరించిన కూతుళ్ల కేసుల్లో 2017లో గుజరాత్ హైకోర్టు, 2018లో బొంబాయి హైకోర్టు ఇదే మాట చెప్పాయి.

ఇక ఇల్లు. తాతగారు కట్టించారు కాబట్టి అది పిత్రార్జితం, మగపిల్లలకే వస్తుందని కూడా ఎవరో ఒకరు అంటారు. తాతగారి స్వార్జితం 1956 తర్వాత వారసత్వంగా నాన్నగారికి వస్తే, అది ఆయన సొంత ఆస్తే అవుతుందని సుప్రీంకోర్టు 1986లో తేల్చింది. అంటే పొలంలాగే ఇంట్లోనూ మీకు సమాన వాటా ఉంది. మేనత్తలుంటే తాతగారి నుంచి వాళ్లకూ రావాల్సింది ఉండవచ్చు, అదీ చూసుకోండి. ఒకవేళ అది నిజంగానే పిత్రార్జితమైనా, 2005 సవరణతో కూతురికి పుట్టుకతోనే హక్కు వచ్చింది. మతం మారితే ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క, అంతవరకే. అప్పటికి ఉన్న వాటా ఎక్కడికీ పోదు.

చిన్నన్నయ్య చెప్పిన లెక్క ముస్లిం ధర్మశాస్త్రానిది. అక్కడ కూతురికి కొడుకు వాటాలో సగం, పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు. అది మీ నాన్నగారి ఆస్తికి వర్తించదు. క్రైస్తవుల ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టం ఉంది. భార్యకు మూడో వంతు పోగా మిగిలింది కొడుకులూ కూతుళ్లూ సమానంగా పంచుకుంటారు. అది మీ అత్తవారి వైపు ఆస్తికీ, రేపు మీ సొంత ఆస్తికీ పనికొస్తుంది.

మీరు అడగలేదు కానీ, నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మీ పిల్లల సంగతి. 1956 చట్టంలో 26వ సెక్షన్ ఉంది. మతం మారిన వ్యక్తికి ఆ తర్వాత పుట్టిన పిల్లలకు, వాళ్లు కూడా హిందువులుగా లేకపోతే, హిందూ బంధువుల ఆస్తిలో వారసత్వం ఉండదు. నాన్నగారి ఆస్తిలో వాటా ఆయన పోయిన రోజే మీకు దక్కింది కాబట్టి మీ తర్వాత అది మీ భర్తకు, పిల్లలకు వెళ్తుంది, భయం లేదు. చిక్కు అమ్మగారి నాలుగో వంతు దగ్గర వస్తుంది. ఆమె తర్వాత అందులో మీకు అన్నయ్యలతో సమానంగా వస్తుంది. కానీ మీరు ఆమె కంటే ముందు పోతే మీ పిల్లలకు చిల్లిగవ్వ రాదు, అదే అన్నయ్య ముందు పోతే ఆయన పిల్లలకు మాత్రం వస్తుంది. ఏ పాపం తెలియని పిల్లల మీద ఈ శిక్ష నాకెప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. మనవలకు ఇవ్వాలని అమ్మగారికి ఉంటే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే వీలునామా రాసి రిజిస్టర్ చేయిస్తే ఈ సెక్షన్ అడ్డు రాదు. ఆమె మీద ఒత్తిడి మాత్రం తేకండి, అది పూర్తిగా ఆమె ఇష్టం.

ఇప్పుడు చేయాల్సిన పని. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో మీ పేరు ఉందో లేదో చూడండి. లేకుండా తీసుకుని ఉంటే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. ఇంటికీ పొలానికీ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే ధ్రువపత్రం) తీయించండి. పొలం పాస్‌బుక్ అన్నయ్యల పేరు మీదికి మారినా టెన్షన్ పడొద్దు, రెవెన్యూ రికార్డులో పేరెక్కినంత మాత్రాన మీ హక్కు పోదు. తర్వాత లాయర్ ద్వారా వాటా కోరుతూ నోటీసు పంపండి. స్పందన లేకపోతే గుంటూరు సివిల్ కోర్టులో భాగపంపకాల దావా వేయండి. దావాతో పాటే, తేలేదాకా ఆస్తి అమ్మకుండా ఇంజంక్షన్ (కోర్టు నిలుపుదల ఉత్తర్వు) అడగండి.

ఖర్చుకు జంకితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. దావా వేయకముందే అన్నయ్యలను పిలిపించి రాజీకి కూడా ప్రయత్నిస్తారు. అక్కడ కుదిరి లోక్ అదాలత్‌లో అవార్డు (రాజీ తీర్పు) వస్తే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.