‘ద పాషన్ ఆఫ్ ద క్రైస్ట్’ని తిట్టిన విమర్శకులందరూ క్రైస్తవ వ్యతిరేకులేనా?

క్రీస్తు చివరి గంటల మీద మెల్ గిబ్సన్ తీసిన, జనం నెత్తిన పెట్టుకున్న సినిమాని విమర్శకుల్లో సగంమంది చీల్చి చెండాడారంటే అది మత ద్వేషం కాక ఇంకేంటి అని మీరడిగారు. కొందరి విషయంలో మీ అనుమానం నిజమే. ఆ కొందరిలో నేనూ ఒకణ్ణి కాబట్టి చెప్తున్నాను.

2004లో మేం శ్రీకాకుళం గుజరాతీపేటలో ఉండేవాళ్లం. సాయంత్రాలు కథల లైబ్రరీ కథానిలయం, రాత్రులు అద్దె సీడీలు. ఊళ్లో వచ్చే ఒక చిన్న పత్రికకి సినిమాల గురించి రాసేవాణ్ణి. డబ్బులిచ్చేవాళ్లు కాదు, పేరు మాత్రం వేసేవాళ్లు. ఈ సినిమా సీడీ చేతికొచ్చేసరికే నా రివ్యూకి హెడ్డింగ్ రెడీగా ఉంది: ‘రక్తంతో ప్రచారం’. సినిమా ఇంకా చూళ్లేదు! మతం సినిమా అంటే ప్రచారమేనని తేల్చిపారేసే వయసు.

మా పక్కింటి పిన్ని ఆదివారం చర్చి తప్పని మనిషి. వాళ్లింట్లో ప్లేయర్ లేదని మా ఇంట్లోనే వేశాను. మాటలన్నీ అరామిక్, లాటిన్, హీబ్రూ. కింద ఇంగ్లీషు అక్షరాలు. నేను చదివి తెలుగులో చెప్పడం మొదలెట్టాను. ఓ పది నిమిషాలు ఓపిక పట్టి, “నువ్వేటీ సెప్పక్కర్లేదు బావూ, కతంతా నాకు తెల్సు” అంది. కొరడా దెబ్బల దగ్గర కొంగు మొహం మీదకి లాక్కుంది. రోమన్ గవర్నరు పిలాతు చేతులు కడుక్కునే చోట తెర మీద ఎవరో ఏదో అరిచారు, కింద అక్షరాలు పడలేదు. సీడీ తేడా అనుకున్నాను. పిన్ని మాత్రం కొంగు చాటునుంచే “వాని రక్తము మామీదను మా పిల్లలమీదను ఉండునుగాక” అని గొణిగింది.

అసలు గొడవంతా ఆ మాట చుట్టూనే తిరిగిందని నాకు తర్వాత తెలిసింది. మత్తయి సువార్త 27:25. మెల్ గిబ్సన్ మాటని ఉంచి, దాని కింది అక్షరాలు తీసేశాడు. క్రీస్తు చావుకి యూదులంతా తరతరాలుగా దోషులే అనడానికి యూరప్‌లో వందల ఏళ్లు ఆ వాక్యాన్నే వాడుకున్నారు. ఆ నింద యూదులందరి మీదా వెయ్యకూడదని వాటికన్ 1965లో ప్రకటించాల్సి వచ్చింది. అందుకే అమెరికాలో యాంటీ డిఫమేషన్ లీగ్ అనే యూదుల సంస్థ సినిమా రాకముందే భయపడింది. నాకు ఆ భయం బొత్తిగా అతిగా అనిపించింది. అనిపించదూ మరి, నేను యూదుణ్ణి కళ్లతో చూసిందెప్పుడు?

కానీ మన సినిమాల్లో శ్రీకాకుళం యాస ఎవరి నోట పెడతారో చూడండి. పనివాడికి, తింగరివాడికి, హీరో చేత తన్నులు తినేవాడికి. అలాంటి ఒక కామెడీ ట్రాక్‌ని నేను ఉతికేస్తే, “మీకు ఊరి పక్షపాతం ఎక్కువండీ, హాలంతా నవ్వారు” అన్నాడో విజయవాడ మిత్రుడు. హాలంతా నవ్విన మాట నిజమే. నాకు మండిందీ నిజమే. మంట వల్ల నేను లేనిదాన్ని చూడలేదు, అతనికి కనపడనిది నాకు కనపడింది. ఆ వాక్యానికి భయపడ్డ యూదు విమర్శకుల్ని కాస్తయినా అర్థం చేసుకున్నది ఆ రోజునే.

అలాగని అందరినీ వెనకేసుకు రాను. కొందరు తెర వదిలేసి గిబ్సన్ నాన్న మీద పడ్డారు. ఆయన యూదుల ఊచకోతని కాదన్న మనిషే, దాని మీద వ్యాసం రాస్తే తప్పులేదు. రివ్యూలో సగం అదే అయితే మాత్రం నాకు ఒప్పదు. స్లేట్ అనే అమెరికన్ వెబ్ పత్రికలో డేవిడ్ ఎడెల్‌స్టీన్ దీనికి రంపంతో కోసే హారర్ సినిమాని గుర్తుచేసే వెక్కిరింపు పేరొకటి పెట్టాడు. నమ్మేవాళ్లకి అది గుచ్చుకోకుండా ఎలా ఉంటుంది?

ఇక అమెరికన్ సినిమా విమర్శకుడు రోజర్ ఎబర్ట్. సినిమా 126 నిమిషాలైతే అందులో కనీసం 100 నిమిషాలు క్రీస్తుని హింసించడం, చంపడమేనని, తను చూసినవాటిలో ఇంత హింసాత్మకమైన సినిమా లేదని రాశాడు. రాసి నాలుగుకి నాలుగు నక్షత్రాలిచ్చాడు! చిన్నప్పుడు చర్చిలో పాదిరిగారి దగ్గర సేవ చేసిన కుర్రాణ్ణని, క్రీస్తు సిలువ మోసిన దారిని తలుచుకునే సిలువ మార్గం ధ్యానాలు తనకి తెలుసని రివ్యూలోనే చెప్పుకున్నాడు. 1988లో క్రైస్తవ సంఘాలు రోడ్డెక్కిన ‘ద లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్’కీ అతను నాలుగే ఇచ్చాడు. కాబట్టి “హింస ఎక్కువైంది” అన్నవాడల్లా క్రీస్తు ద్వేషి కాదు. ఎవరి మీదైనా అనుమానమొస్తే నేను తీర్పు పక్కనపెట్టి మిగతాది చదువుతాను. తెర మీద ఏముందో ఆ రాతవల్ల నాకు తెలిసిందా లేదా? ఎబర్ట్ చదివితే తెలుస్తుంది. నాది చదివితే తెలీదు.

వసూళ్లని సాక్ష్యంగా తేకండి. 3 కోట్ల డాలర్ల సొంత డబ్బుతో తీసింది ప్రపంచమంతా కలిపి 60 కోట్లకు పైగా రాబట్టింది నిజమే. ఆ లెక్కన మా యాసని వెక్కిరించిన సినిమాలన్నీ హిట్లే.

నా ‘రక్తంతో ప్రచారం’ అచ్చయింది. పత్రిక తెచ్చి పిన్నికి చదివి వినిపించాను, ఏ ధైర్యమో! అంతా విని, “నాను కొంగు కప్పుకున్నది రాయలేదేటి?” అంది. అంతే, ఇంకో మాట లేదు. మరుసటేడు గుడ్ ఫ్రైడేకి తనే అడిగి మళ్లీ వేయించుకుంది. రోమన్ సైనికులు కొరడాలు తీసే చోటు రాగానే రిమోట్ నా చేతిలో పెట్టి, “ముందుకి తిప్పీ నాయినా, నాను సూడ్లేను” అంది.