బారసాలకు ముందు ఆ టీకా సంగతి చూడు

చి.సౌ. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

పురిటికి బెంగళూరు నుంచి చెన్నైకే వస్తున్నావని, ఇరవై ఒకటో రోజున బారసాలకు వందమందిని పిలుస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషంతో కళ్లు చెమర్చాయి. కానీ ఆ వందమందిలో ఎందరు దగ్గుతూ వస్తారోనన్న దిగులు పట్టుకుని రాత్రంతా నిద్రపోలేదు.

ఐరన్ మాత్రలు, స్కానింగులు నువ్వు చూసుకుంటావు. నాకు భయమల్లా కోరింత దగ్గు, ఇక్కడివాళ్లు కక్కువాన్ ఇరుమల్ అంటారే, అదే.

1989లో మీ అన్నయ్య నెల పిల్లవాడు. పెరంబూరు నుంచి మాంబళం బయలుదేరేనాటికి నాకు రెండు వారాలుగా దగ్గు. జలుబుగా మొదలైంది. జలుబు పోయింది, దగ్గు మిగిలింది. రాత్రిళ్లు దగ్గి దగ్గి వాంతయ్యేది. జ్వరం లేదు కదా అని మిరియాల కషాయం తాగి వెళ్లాను. గుమ్మంలోనే మీ అమ్మ, "అక్కా, దగ్గుతున్నావే" అంది. "పొడి దగ్గులే" అన్నాను. వాడికి నలుగు పెట్టి నీళ్లు పోశాను, సాంబ్రాణి పొగ వేశాను, రోజంతా ఒళ్లోనే ఉంచుకున్నాను.

పది రోజులకు వాడి ముక్కు కారింది. కోరింత దగ్గయితే కూత వస్తుందని విన్నాం, వాడికి కూత లేదు. అంత పసివాళ్లకు చాలాసార్లు అది రాదని మాకు తెలియదు. ఒక రాత్రి పాలు తాగుతూ తాగుతూ ఆగిపోయాడు. దగ్గు లేదు, ఏడుపు లేదు, ఊపిరీ లేదు. దీపం దగ్గరకు తెచ్చి చూస్తే పెదవులు నేరేడు పండు రంగు. మీ అమ్మ అరికాళ్లు రుద్దితే మళ్లీ ఊపిరి తీశాడు. ఆసుపత్రిలో పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. "ఇంట్లో ఎవరికైనా చాలా రోజులుగా దగ్గుందా?" అని డాక్టరు అడిగినప్పుడు మీ అమ్మ నా వైపు చూడలేదు, నేల చూసింది. ఇన్నేళ్లలో ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

నీకిప్పుడు 28వ వారం. కోరింత దగ్గు రాకుండా 27 నుంచి 36 వారాల మధ్య వేయించుకునే టీడాప్ టీకా ఉంది. తల్లి ఒంట్లో తయారైన రక్షణ కడుపులోని బిడ్డకు చేరుతుంది. ప్రతి కానుపుకూ మళ్లీ వేయించుకోవాలి. ప్రభుత్వ కేంద్రంలో గర్భిణులకు వేసే టీడీ ధనుర్వాతానికి, కంఠసర్పికి మాత్రమే, కోరింత దగ్గుకు కాదు. పేరు చెప్పి మరీ అడుగు, మొహమాటపడకు!

బిడ్డకు కోరింత దగ్గు మందు కూడా కలిసిన పెంటావాలెంట్ టీకా మొదటి డోసు ఆరో వారంలో, తర్వాత పది, పద్నాలుగు వారాల్లో. ఒక్క డోసుతో ధీమా పడకూడదు. చిన్నప్పుడు వేసిన టీకా బలం మాలాంటివాళ్లలో ఏనాడో తగ్గిపోయి ఉంటుంది. అందుకే నేనూ, మీ అమ్మా, మీ ఆయనా నీ కానుపుకు రెండు వారాల ముందే టీడాప్ వేయించుకుంటాం. మీ అన్నయ్యను నేనే తీసుకెళ్తాను.

దగ్గేవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా బిడ్డ గదిలోకి రాకూడదు. బిడ్డ ఊపిరి ఆగినా, పెదవులు నల్లబడినా, దగ్గు కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి పరుగెత్తు. సాంబ్రాణి మాత్రం వద్దు తల్లీ, నేను వేస్తానన్నా వెయ్యనివ్వకు.

బారసాల మూడో డోసు అయ్యాక పెట్టుకుందాం. మీ అత్తగారితో నేను మాట్లాడతాను. ఆ రోజు నాకు దగ్గుంటే గుమ్మం బయట నుంచే చూసి వెళ్తాను, లోపలికి రమ్మనకు. డాక్టరు ఏమన్నారో రేపే ఫోను చెయ్యి.

పెద్దమ్మ