తాగేది ఆయన, ప్రశ్నలు మీకెందుకంటే

అక్కా, హన్మకొండలో బావగారిని మందు మాన్పించే సెంటర్‌కు తీసుకెళ్తే కౌన్సిలర్ మీకూ ప్రశ్నల కాగితం ఇచ్చారని, "తప్పు నాదా?" అని అడిగారు. కాదక్కా. ఆ ప్రశ్నలు కోడిపెండెన్సీ గురించి, అంటే ఇంకొకరి అలవాటు చుట్టూనే మన బతుకు తిప్పుకోవడం గురించి. అది జబ్బు పేరు కూడా కాదు, మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 పుస్తకంలో అలాంటి నిర్ధారణే లేదు. ఆయన తాగుడు చుట్టూ మీ బతుకు ఎంత తిరుగుతోందో చూస్తారంతే. దాన్ని కొలిచే స్పాన్-ఫిషర్ స్కేల్ అని ఒకటుంది: 16 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 6 మార్కులు.

మార్కులు ఎక్కువొస్తే టెన్షన్ పడకండి. సర్దుకుపోవడమే మంచితనమని మనల్ని పెంచారు, కాబట్టి కొంత పెరగడం సహజం. ఈ మాట కౌన్సిలర్‌తోనే అనండి. ఆ కాగితం కన్నా మీరు చెప్పే వివరాలే ముఖ్యం. డ్యూటీకి పోని రోజు జ్వరమని ఫోన్ చేసింది ఎవరు? బెల్టుషాపు బాకీ కట్టింది ఎవరు? ఆయన వచ్చేదాకా మీరు తినకుండా కూర్చుంటున్నారా?

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఆయన చెయ్యి చేసుకుంటుంటే దాచొద్దు. దెబ్బలకు భయపడి ఊరుకోవడాన్ని కోడిపెండెన్సీ కింద రాయకూడదు. మీతో ఒంటరిగా మాట్లాడమని అడగండి, అది మీ హక్కు. మీకోసం టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు కూడా ఫోన్ చెయ్యండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.