జార్జ్ వాషింగ్టన్ జీవితం మీద పిల్లలు ఆడదగ్గ వీడియో గేమ్ ఏదైనా ఉందా?

మీ బాబు ఐదో తరగతి, చరిత్ర పుస్తకం తెరిస్తే ఆవలిస్తాడు, గేమ్ అంటే మాత్రం కదలడు అన్నారు కదా. మా అమ్మాయిదీ అదే వరస. మేముండేది ఉత్తర వర్జీనియాలో. వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నాన్ మాకు దగ్గరే. ఆ ఇంటిని చూసుకునే సంస్థే తయారు చేయించిన 'బీ వాషింగ్టన్' అనే గేమ్ ఉంది. అక్కడ పెద్ద తెర ముందు అందరితో కలిసి ఆడేందుకు పెట్టారు, ఇంట్లో కంప్యూటర్‌లో ఆడే రూపం కూడా చేశారు. మేం రెండూ ఆడాం.

ఇది తుపాకీ పట్టుకుని పరిగెత్తే గేమ్ కాదు. పుట్టుక నుంచి చావు దాకా కథా చెప్పదు. నాలుగు ఘట్టాలంతే. సలహాదారులు తలోమాట చెబుతారు, నిర్ణయం మనం తీసుకోవాలి. వాషింగ్టన్ నిజంగా ఏం చేశాడో ఆ తర్వాతే తెలుస్తుంది.

మొదట 1777 జనవరి 2, ట్రెంటన్. బ్రిటన్‌తో స్వాతంత్ర్య యుద్ధం, అమెరికా సేనాధిపతి వాషింగ్టన్. ఎదురుగా వాగు అవతల బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం, వెనక మంచుగడ్డలు తేలుతున్న డెలావేర్ నది. అప్పుడు మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. మనవరాలి పక్కన కుర్చీ వేసుకుని, "తెల్లారేదాకా ఆగితే చుట్టేస్తారమ్మా" అని టెన్షన్ పడిపోయారు. మా అమ్మాయి వెనక్కి పోదామంది. వాషింగ్టన్ చేసింది వేరు. మంటలు మండుతున్నట్టే వదిలేసి, ఫిరంగి చక్రాలకు గుడ్డలు చుట్టించి, రాత్రికి రాత్రే పక్కదారిన ప్రిన్స్‌టన్ చేరాడు. పగలంతా బురదగా ఉన్న దారి ఆ రాత్రి చలికి గడ్డకట్టడం కలిసొచ్చింది. తాతా మనవరాలూ ఇద్దరూ ఒకేసారి "అరే!" అన్నారు. పుస్తకంలో ఇదంతా రెండు వాక్యాలు.

రెండోది 1783, న్యూబర్గ్. జీతాలు అందని సైనికాధికారులు కాంగ్రెస్ మీద తిరగబడేలా ఉన్నారు. "ఎందుకివ్వలేదు?" అని అడిగింది మా అమ్మాయి. పన్ను వేసే అధికారం అప్పటి కాంగ్రెస్‌కి లేదని చెప్పాను. మూడోది వాషింగ్టన్ అధ్యక్షుడయ్యాక, 1793లో. ఫ్రాన్స్ చేస్తున్న యుద్ధంలోకి అమెరికన్లను లాగాలని చూసిన ఫ్రెంచ్ రాయబారి జెనే వ్యవహారం. ఇది పిల్లలకు కొంచెం కష్టం, పక్కన కూర్చుని చెప్పాలి. చివరిది 1794 విస్కీ తిరుగుబాటు. పన్ను వేసే అధికారం కాంగ్రెస్‌కి వచ్చాక, యుద్ధం అప్పులు తీర్చడానికి 1791లో విస్కీ మీద పన్ను వేస్తే పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు తిరగబడ్డారు. మా అమ్మాయి ఆట ఆపి నా వైపు తిరిగి, "అమ్మా, పన్ను వేయలేకపోతే సైనికులకి కోపం, వేస్తే రైతులకి కోపమా?" అంది. నేను చెప్పకుండానే రెండు ఘట్టాలనూ ముడి పెట్టేసింది. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ గేమ్ మీకు చెబుతున్నాను.

ఒక లోటు మాత్రం మీరే పూడ్చాలి. ఆ నాలుగు నిర్ణయాల్లో బానిసత్వం గురించి ఒక్కటీ లేదు. 1799లో మౌంట్ వెర్నాన్‌లో 317 మంది బానిసలు ఉండేవారు. వాళ్లలో 123 మంది వాషింగ్టన్ సొంతం. వాళ్లను తన భార్య మార్తా మరణం తర్వాత విడిచిపెట్టాలని వీలునామా రాశాడు. ఆమె 1801 జనవరి 1నే విడిచిపెట్టింది. అక్కడికి వెళితే భవనం చూసి వచ్చేయకండి, బానిసల నివాసాలు, సమాధుల చోటు కూడా బాబుకి చూపించండి. మా అమ్మాయికి అక్కడే ఓనా జడ్జ్ అనే బానిస యువతి గురించి చెప్పాను. 1796లో ఫిలడెల్ఫియాలో వాషింగ్టన్ కుటుంబం భోజనం చేస్తుండగా ఇంట్లోంచి తప్పించుకుని న్యూ హాంప్‌షైర్ చేరింది. ఆమెను వెనక్కి రప్పించాలని వాషింగ్టన్ ప్రయత్నించాడు, ఆమె రాలేదు. "ఇది గేమ్‌లో ఉంటే నువ్వేం చేసేదానివి?" అని అడిగాను. "వెతకొద్దని చెప్పేదాన్ని" అంది వెంటనే. కాసేపాగి, "మరి ఆయనకి ఆ సలహా ఎవరూ ఇవ్వలేదా?" అంది.